బీటెక్ అయిపోయింది... మరి పై చదువు ఎందుకు?

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే ఆ తర్వాత ఇంజినీరింగే! ఇది మన ఇళ్ళల్లో ఎప్పుడో ఖాయమైపోయిన సంగతి. కోచింగు, ఎంట్రన్సు, కౌన్సెలింగు, సీటు... అక్కడిదాకా దారి తల్లులందరికీ కంఠతా వచ్చు. చిక్కంతా నాలుగో సంవత్సరంలో మొదలవుతుంది. 'ఇప్పుడేం చేద్దాం?' అని అమ్మాయి మన మొహంలోకి చూస్తుంది. ఎమ్మెస్‌కి పంపమని ఒకరు, ఎంబీఏ చేయించమని ఇంకొకరు, గేట్ రాయమని కాలేజీలో మాస్టారు, చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోవద్దని బాబాయి, 'ముందు పెళ్ళి చేసెయ్యండి, కావాలంటే అతనే చదివించుకుంటాడు' అని పక్కింటావిడ... అందరూ ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళే. ఎందుకు చెయ్యాలో చెప్పేవాళ్ళు మాత్రం కనబడరు.

మాది తెనాలి. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. మావారు ఆర్టీసీలో పనిచేస్తారు. మాకిద్దరూ ఆడపిల్లలే, ఇద్దరూ ఇంజినీరింగే చదివారు. నాలుగైదేళ్ళ తేడాతో ఇద్దరి విషయంలోనూ ఇదే ప్రశ్న మా ఇంట్లో కూర్చుంది. ఒకరికి 'వద్దు' అని, ఇంకొకరికి 'కావాలి' అని జవాబు వచ్చింది. రెండూ సరైన జవాబులేనని నా నమ్మకం. అదెలాగో చెబుతాను.

స్థలం కాగితాలు బల్లమీదికి...

పెద్దమ్మాయిది కంప్యూటర్ సైన్సు. 2018లో చదువు పూర్తయింది. క్యాంపస్‌లోనే హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. చేరి ఆర్నెల్లయినా తిరక్కుండానే తనతో చదివిన వాళ్ళలో సగంమంది అమెరికా ప్రయాణాలు కట్టారు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరి వీడ్కోలు ఫొటో... విమానాశ్రయంలో పూలగుత్తులు, వెనకాల రెండు పెద్ద సూట్‌కేసులు. మావారికి మనసు ఆగలేదు. "మన పిల్ల మాత్రం ఏం తక్కువ? చివరి సంవత్సరంలోనే పంపాల్సింది" అని ఒకరోజు బీరువాలోంచి ఇంటి స్థలం కాగితాలు తీసుకొచ్చి బల్లమీద పెట్టారు. ఊరి చివర నాలుగు సెంట్లు. పిల్లల పెళ్ళిళ్ళకి అక్కరకొస్తుందని పదిహేనేళ్ళ కిందట కొని ఉంచాం. దాన్ని బ్యాంకులో పెడితే అప్పు పుడుతుందని ఆయన లెక్క.

నేను నా లెక్క వేశాను. అప్పటి రేటున రెండేళ్ళ చదువుకి, ఉండటానికి, తినడానికి కలిపి 50 వేల డాలర్లు అనుకుంటే 35 లక్షల రూపాయలు. అందులో మా దగ్గరున్నది, చుట్టాల దగ్గర తెచ్చేది పోగా 25 లక్షలు అప్పు. చదువుకునే రెండేళ్ళు, ఆ పైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదని బ్యాంకువాళ్ళు చెప్పారు. వినడానికి బాగుంది. కానీ ఆ మూడేళ్ళూ వడ్డీ మాత్రం ఆగదమ్మా! డబ్బు మొదట్లోనే మొత్తం తీసుకున్నామనుకుంటే, నూటికి పది చొప్పున ఏడున్నర లక్షలు. అంటే వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 32 లక్షల 50 వేలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 43 వేలు! మొత్తం కట్టేది 51 లక్షల పైమాటే.

డాలర్లలో జీతం వస్తే అది పెద్ద మొత్తం కాదు, నిజమే. రాకపోతేనో? రూపాయల జీతంతో డాలర్ల చదువు అప్పు తీర్చడమంటే మాటలా!

ఎమ్మెస్సా, అమెరికానా?

ఆ కాగితాన్ని పెద్దమ్మాయి ముందు పెట్టాను. వద్దని కాదు, లెక్క తెలియాలని. తను చాలాసేపు చూసింది. తర్వాత ఒక మాటంది. "అమ్మా, నాకు మోజు ఉన్నది చదువు మీద కాదు, అమెరికా మీద. ఆ రెండూ ఒకటి కాదుగా?"

ఇరవై రెండేళ్ళ పిల్ల నోట ఆ మాట వింటుంటే నాకే ఆశ్చర్యమేసింది. అమెరికా మీద మోజు ఉండటం తప్పేం కాదు. కానీ మనం కొంటున్నది ఏమిటో తెలిసి కొనాలి. అక్కడ ఎమ్మెస్ చదివినవాళ్ళకి పట్టా వచ్చాక ఏడాదిపాటు పనిచేసుకోవడానికి అనుమతి ఉంటుంది. ఇంజినీరింగ్, సైన్సు కోర్సులవాళ్ళకి అది మరో రెండేళ్ళు పెరుగుతుంది. ఆ పైన ఉండాలంటే హెచ్-1బీ వీసా. ఏడాదికి 85 వేలకి పరిమితి, అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి. అడిగేవాళ్ళు అంతకంటే ఎక్కువ కాబట్టి లాటరీ! ఇక నిబంధనలా... చేరేటప్పుడున్నవి బయటికొచ్చేటప్పుడు ఉండాలని లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుం అంటూ అక్కడి అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ళల్లో ఆ రాత్రి నిద్రలేదో మీకు తెలిసిందే.

పెద్దమ్మాయి చేస్తున్న పనిలో ఆ పట్టా లేనందువల్ల ఆగిపోయిన మెట్టేదీ లేదు. కంపెనీలో కొత్తగా ఏది వచ్చినా రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకుంది. రెండుసార్లు ఉద్యోగం మారింది. ఇప్పుడు తన కింద ఏడెనిమిది మంది పనిచేస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌లో అందరికీ పై చదువు దండగని నేననను. కృత్రిమ మేధలో పరిశోధన చెయ్యాలనుకునే పిల్లకి, చిప్పుల డిజైన్‌లోకి వెళ్ళాలనుకునే ఎలక్ట్రానిక్స్ పిల్లకి మాస్టర్స్ చాలా అవసరం. మా పిల్ల చేసే పనికి అక్కర్లేకపోయింది, అంతే!

కింద గోడల్లేని ఇల్లు

చిన్నమ్మాయి తీరు వేరు. దానిది సివిల్. అది సివిల్ తీసుకున్నప్పుడే చుట్టాలు మూతి విరిచారు. 'ఆడపిల్ల ఎండలో నిలబడి మేస్త్రీలతో వాదించాలా?' అని. ఇది మాత్రం పట్టు వదల్లేదు.

మేముండేది నాలుగంతస్తుల అపార్టుమెంటు. కింద కార్లు పెట్టుకోవడానికి గోడల్లేకుండా స్తంభాలు మాత్రమే ఉంటాయి. ఈ కాలంలో ఏ ఊళ్ళో చూసినా అవే. మూడో సంవత్సరం చదువుతుండగా ఒకరోజు బజారునుంచి వస్తూ ఆ స్తంభాల దగ్గర ఆగిపోయింది. "అమ్మా, పైన నాలుగంతస్తుల్లోనూ గోడలున్నాయి, కింద లేవు. భూమి అటూ ఇటూ ఊగితే పైభాగం పెట్టెలా ఒక్కటిగా కదులుతుంది. ఆ ఊపంతా ఈ స్తంభాల మీదే పడుతుంది తెలుసా?" అంది. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు అక్కడికి ఎంతో దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా ఇలాంటి అపార్టుమెంట్లు కూలిపోయాయట. అలాంటి కింది అంతస్తుని ఎలా కట్టాలో భూకంపాలకి సంబంధించిన మన ప్రామాణిక నిబంధనల్లో ప్రత్యేకంగా రాసి ఉందట. "మరి మనది అలా కట్టారా?" అని నేనడిగితే "అది లెక్క కట్టి చెప్పడం నాకింకా రాదమ్మా. బీటెక్‌లో అంత లోతుకి వెళ్ళరు" అంది.

ఇదిగో... ఈ 'రాదమ్మా' అన్న మాట దగ్గరే నాకు జవాబు సగం దొరికింది. బీటెక్ సివిల్‌లో కాంక్రీటు, స్టీలు, నేల, నీళ్ళు, రోడ్లు, సర్వే... అన్నీ కొంచెం కొంచెం చెబుతారు. భవనం ఎలా ఊగుతుంది, వంతెన ఎంత బరువు మోస్తుంది, ఎత్తయిన కట్టడానికి కంప్యూటర్‌లో లెక్క ఎలా కట్టాలి అన్నది వివరంగా వచ్చేది ఎంటెక్ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లోనే. డిజైన్ ఆఫీసులు ఆ చదువున్నవాళ్ళకే పీట వేస్తాయి. అంటే దీనికి కావలసిన పని తలుపు వెనక ఉంది, ఆ తలుపు తాళంచెవి ఈ పట్టా!

ఉద్యోగమూ, సీటూ ఒకేసారి

అనుకున్నంత తేలిగ్గా ఏదీ జరగలేదు. నాలుగో సంవత్సరంలో రాసిన గేట్‌లో ర్యాంకు దూరంగా వచ్చింది. ఈలోగా క్యాంపస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎంపిక చేసుకుంది. సివిల్ చదివినా సరే, వాళ్ళే శిక్షణ ఇచ్చుకుంటారట. ఏడాదికి మూడున్నర లక్షలు. మావారు వీధంతా స్వీట్లు పంచారు. 2022లో చదువు పూర్తయింది. కంపెనీనుంచి మాత్రం 'వచ్చే నెల', 'ఆ పై నెల' అంటూ వాయిదా ఉత్తరాలే. అలా ఎనిమిది తొమ్మిది నెలలు గడిచాయి. ఖాళీగా కూర్చోవడం ఇష్టంలేక పుస్తకాలు మళ్ళీ దించింది. 2023 ఫిబ్రవరిలో రెండోసారి గేట్ రాసింది. ఈసారి మంచి ర్యాంకు! ఎన్ఐటీల్లో సీటు రావచ్చన్న ఆశ కలిగింది. సరిగ్గా అప్పుడే... కంపెనీ నుంచి 'ఫలానా తారీఖున వచ్చి చేరండి' అని పిలుపు!

మావారు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ఉద్యోగం వచ్చాక కాదంటామా? మళ్ళీ రెండేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?" అన్నారు. ఆయన భయం ఆయనది. జీవితమంతా నెలజీతం మీద నడిచిన ఇల్లు మాది.

మళ్ళీ కాగితం తీశాను. ఉద్యోగంలో చేరితే కోతలన్నీ పోను చేతికి 25 వేలు. హైదరాబాదులో హాస్టలుకి, తిండికి, బస్సులకి 12 వేలు తప్పదు. మిగిలేది 13 వేలు. రెండేళ్ళకి మూడు లక్షల పన్నెండు వేలు. ఇటు గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండు. రెండేళ్ళకి 2,97,600. ఎన్ఐటీ ఫీజు, హాస్టలు, మెస్సు దాదాపు అందులోనే సరిపోతాయి. కాబట్టి ఈ చదువుకి మేము నిజంగా కడుతున్న ధర ఆ మూడు లక్షల చిల్లరే! స్థలం కాగితాలు బీరువాలోంచి బయటికి రానక్కర్లేదు. పెద్దమ్మాయి చదువుకైతే 51 లక్షలు, దీనికైతే మూడు లక్షలు. 'పై చదువు' అని ఒకే పేరు పెట్టి పిలుస్తున్నాంగానీ రెండూ ఒకటేనా చెప్పండి?

ఎంటెక్ పిల్లకి వరుడెలా?

డబ్బు లెక్క తేలింది. తేలనిది ఇంకొకటుంది. మా అత్తయ్యగారు. "ఇప్పటికే ఇరవై రెండు నిండాయి. ఇంకో రెండేళ్ళంటే ఎప్పటికి పెళ్ళి? ఇది ఎంటెక్ అయితే వాడు అంతకంటే ఎక్కువ చదవాలి. వాణ్ణి ఎక్కడినుంచి తెస్తారే?" అని ఆవిడ బెంగ. నవ్వి కొట్టిపారేసే మాట కాదిది. ఆ వేసవిలోనే వచ్చిన ఒక సంబంధంవాళ్ళు చల్లగా చెప్పేశారు. "మా వాడు బీటెక్కేనండీ. అమ్మాయి కూడా అక్కడితో ఆపితే బాగుంటుంది" అని. పిల్ల ఎక్కువ చదివితే సర్దుకుపోదని ఇప్పటికీ అనుకునే ఇళ్ళున్నాయి. ఇంకోవైపు, ఎమ్మెస్ అంటే పెళ్ళిచూపుల్లో విలువ పెరుగుతుందని పంపే ఇళ్ళూ ఉన్నాయి. ఒకళ్ళు పెళ్ళికోసం చదువు ఆపమంటారు, ఇంకొకళ్ళు పెళ్ళికోసం చదవమంటారు. ఈ రెంటిలోనూ పిల్లకి ఏం కావాలన్న మాటే ఉండదు!

చిన్నమ్మాయి వాదించలేదు. ఒకరోజు రాత్రి నానమ్మ పక్కన పడుకుని ఒక కథ చెప్పింది. కథ కాదు, జరిగిందే. అయ్యలసోమయాజుల లలిత గారని, మన తెలుగావిడే. మద్రాసులో పుట్టారు, 1919లో. పదిహేనేళ్ళకి పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు. చేతిలో నాలుగు నెలల ఆడపిల్ల! ఆ రోజుల్లో అలాంటి పిల్ల ఎలా బతకాలో నానమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. లలిత గారి తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. అప్పటిదాకా మగపిల్లలే చదివే ఆ కాలేజీలో కూతుర్ని చేర్పించారు. 1943లో ఆవిడ ఇంజినీరయ్యారు. మన దేశంలో తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరు! జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ప్రభుత్వ ఉద్యోగం, తర్వాత కలకత్తాలో ఒక కంపెనీలో ఎన్నో ఏళ్ళు. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళొచ్చారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కూతుర్ని తనే పెంచి పెద్దచేశారు.

అంతా విని అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పక్క గదిలో ఉన్న మావారికి వినబడేట్టు, "ఆవిడకి తండ్రి అడ్డం రాలేదుగా! మరి వీడెందుకు నసుగుతున్నాడు?" అన్నారు. ఆవిడకి 1967లో ఒంగోలు దగ్గర వచ్చిన భూకంపం బాగా గుర్తు. అటకమీది గిన్నెలు గలగలమని కిందపడ్డాయట. "ఇళ్ళు పడిపోకుండా కట్టే చదువైతే చదవనీరా. పెళ్ళి ఎక్కడికీ పోదు" అని తేల్చేశారు. మర్నాడు మావారే పిల్లకి పెట్టె సర్దడం మొదలుపెట్టారు.

పట్టా ఉంటే చాలదు

ఇక్కడొక మాట చెప్పాలి. ఎంటెక్ అన్న మూడక్షరాలు ఉన్నంతమాత్రాన అన్నీ ఒకటి కావు. మా బంధువుల అమ్మాయి ఒకతి, ఉద్యోగం రాలేదన్న దిగులుతో ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక కాలేజీలో ఎంటెక్ చేరింది. క్లాసులో ఐదుగురే. ల్యాబు తాళం తీసింది తక్కువ. రెండేళ్ళు పోయాయి, ఫీజు పోయింది, ప్రశ్న మాత్రం ఎక్కడ వదిలేసిందో అక్కడే ఉంది. 'ఇప్పుడేం చేద్దాం?' అని. ఉద్యోగం దొరక్క చదివే పై చదువు చాలాసార్లు ప్రశ్నని రెండేళ్ళు వాయిదా వెయ్యడమే.

మరి ఎవరికి ఏది పనికొస్తుంది? మేము తిరిగి, అడిగి తెలుసుకున్నంతలో చెబుతాను.

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాలనుకునే అమ్మాయికి ఎంటెక్ తప్పనిసరి. అది లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్హత ఉండదు. రక్షణ, అంతరిక్ష రంగాల్లో, విద్యుత్, కట్టడాల డిజైన్‌లో లోతైన పని కావాలనుకునేవాళ్ళకీ అది ఎంతో ఉపయోగం. అగ్ని క్షిపణులతో పేరు తెచ్చుకున్న టెస్సీ థామస్ గారినే చూడండి. కేరళలో బీటెక్ అయ్యాక పుణెలో క్షిపణుల మీదే మాస్టర్స్ చేసి 1988లో డీఆర్‌డీఓలో చేరారు. ఆవిడ పనికి ఆ చదువే పునాది.

ఎంబీఏ సంగతి వేరు. మనుషుల్ని, డబ్బుని, వ్యాపారాన్ని నడిపించే పని ఇష్టమైనవాళ్ళకి అది. ఐఐఎమ్‌లకి క్యాట్ రాయాలి. విశాఖపట్నంలో కూడా 2015 నుంచి ఐఐఎమ్ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరడానికి ఐసెట్. బీటెక్ కాగానే వెళ్ళినా తప్పులేదుగానీ, రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి వెళితే క్లాసులో చెప్పే మాట చెవికెక్కుతుందని చదివినవాళ్ళంతా అన్నారు. హైదరాబాదులోని ఐఎస్‌బీలాంటి చోట్ల ఏడాది కోర్సుకి ఉద్యోగ అనుభవం ఉండి తీరాలి కూడా. ఉద్యోగం వదలడం కుదరనివాళ్ళకి, పిల్లలున్నవాళ్ళకి పనిచేస్తూనే చదివే కోర్సులు ఉన్నాయి. పిలానీలోని బిట్స్ ఎన్నో ఏళ్ళుగా అలాంటివి నడుపుతోంది.

గేట్ గురించి తల్లులు తెలుసుకోవలసినవి నాలుగు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలోనే రాయొచ్చు. వచ్చిన స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. అంటే ఈ ఏడాది రాసి, ఉద్యోగంలో చేరి, నచ్చకపోతే వచ్చే ఏడాది చదువుకి వెళ్ళొచ్చు. అమ్మాయిలకి దరఖాస్తు రుసుం సగమే. ఐఐటీ, ఎన్ఐటీల్లో సీట్లకే కాకుండా కొన్ని ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాలకీ ఆ స్కోరు పనికొస్తుంది. మన రాష్ట్రాల్లో కాలేజీలకి పీజీఈసెట్ ఉన్నా, గేట్ ఉన్నవాళ్ళకే మొదటి పిలుపు.

ఇక బ్యాంకు అప్పు. చాలా బ్యాంకులు అమ్మాయిల చదువు అప్పుకి వడ్డీ కొంత తగ్గిస్తాయి. నోరు విప్పి అడగండి. చదివే రోజుల్లోనే వడ్డీవరకు ఎప్పటికప్పుడు కట్టగలిగితే తర్వాత భారం బాగా తగ్గుతుంది. మా పెద్దమ్మాయి లెక్కలో ఆ ఏడున్నర లక్షలు అసలులో కలవకుండా ఉండుంటే నెల వాయిదా 43 వేల బదులు 33 వేలే అయ్యేది!

నలుగురూ కూర్చుని అడగండి

నేను చెప్పేదొకటే. 'ఏ కోర్సు?' అన్నది రెండో ప్రశ్న. మొదటిది, 'ఏ పని చెయ్యాలని ఉంది?' అన్నది. పిల్లని కూర్చోబెట్టి అడగండి. చెప్పేదాకా ఓపిక పట్టండి. తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఆ పని ఈ పట్టా లేకుండా దొరకదా? దొరికేటట్టయితే ముందు చేరి చూస్తే పోయేదేముంది?

ఆ కాలేజీలో, ఆ బ్రాంచిలో నిరుడు చదివి బయటికొచ్చినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? కాలేజీ పుస్తకంలో వేసిన ఫొటోలు కాదు, చదివిన పిల్లలతోనే ఫోనులో మాట్లాడండి.

వదులుకునే జీతం కూడా కలిపితే ఖర్చు ఎంత? అనుకున్న ఉద్యోగం రాకపోయినా ఆ అప్పు తీర్చే దారి ఉందా?

ఇది పిల్ల కోరికా, మన కోరికా? లేక పక్కింటివాళ్ళ ఫొటో చూసి పుట్టిన కోరికా?

ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చదవాలనిపిస్తే తలుపు తెరిచే ఉంటుందా? చాలా చదువులకి ఉంటుంది. ఇరవై రెండేళ్ళకి చెయ్యకపోతే ఇక లేదన్న కంగారు అక్కర్లేదు.

చిన్నమ్మాయి 2025లో ఎంటెక్ పూర్తిచేసి హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో చేరింది. మొదటి జీతం, అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో చేరిన తన స్నేహితురాళ్ళకి ఇప్పుడొస్తున్నదానికంటే తక్కువే. ఆ సంగతి దానికి ముందే తెలుసు, తెలిసే ఎంచుకుంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు కింద కార్ల దగ్గర టేపు పట్టుకుని స్తంభాలు కొలిచింది. అపార్టుమెంటు వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, పాత డ్రాయింగులు తెప్పించి ఒక సీనియర్ ఇంజినీరుకి చూపిద్దామని ఒప్పించింది. పెద్దమ్మాయేమో ఈమధ్య ఎంబీఏ మాట ఎత్తుతోంది. ఏడేళ్ళు పనిచేశాక తనకేం కావాలో తనకి తెలిసింది. ఈసారి ఫీజు తన సంపాదనలోంచే కడతానంటోంది. నానమ్మ ఇద్దరికీ సంబంధాలు వెతుకుతూనే ఉన్నారు, 'ఆడపిల్ల చదువు ఆపమనే ఇల్లు మాకొద్దు' అని ముందే చెప్పి మరీ!

గేట్ దరఖాస్తులు ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మొదలవుతాయి. పరీక్ష ఫిబ్రవరిలో. అమెరికా చదువుకైతే ఏడాది ముందునుంచే ప్రయత్నాలు. కాబట్టి మీ అమ్మాయి మూడో సంవత్సరంలోకి వచ్చిందంటే ఈ కబుర్లకి వేళయినట్టే. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీ కట్టేసి, ఒక కాగితం, పెన్నూ తీసుకుని అందరూ కూర్చోండి. మొదట మాట్లాడే అవకాశం మాత్రం అమ్మాయికే ఇవ్వండి.